గడి ముందు కిర్రు చెప్పులు

చెన్నూరులో దొర ఉండిన కోటలాంటి గడిని కూలగొట్టి దుకాణాలు కట్టాలనే మాట పుట్టినప్పుడు, అందరికంటే ముందు అడ్డం పడింది నేనే. బడి పంతులమ్మను కనుక నా మాట కొంత చెల్లేది. చరిత్ర అనీ, టేకు స్తంభాల పనితనమనీ, దీన్ని మ్యూజియం చేయాలనీ సభల్లో మాట్లాడేదాన్ని. అదంతా పైకి. లోపల ఉన్నది పగ.

మా బాపు చెప్పులు కుట్టేవాడు. గడిలో ఉన్న కాళ్లన్నిటికీ వెట్టి కింద ఆయనే కుట్టి ఇచ్చి రావాలి. అదే బాపు గడి ముందు నుంచి పోవాలంటే తన చెప్పులు విడిచి చేత పట్టుకోవాలి. మా వాడ మొత్తానికి అదే కట్టుబాటు. నా చిన్నప్పుడు ఒక ఎండాకాలం, మరిచిపోయి చెప్పులతోనే నడిచాను. అరుగు మీద కూర్చున్న దొర నన్నేమీ అనలేదు. బాపును పిలిపించి, నా చెప్పులు ఆయన నెత్తిన పెట్టించి, గడి చుట్టూ తిప్పించాడు. కాలిపోతున్న నేల మీద ఆయన వెనకే నేనూ నడిచాను. బాపు ఏడవలేదు, నేనూ ఏడవలేదు. ఆ దొర చచ్చిన రోజు మాత్రం కడుపునిండా తిన్నాను.

"గా కొంపను తవ్విపోస్తమంటే నువ్వెందుకే అడ్డం పోతున్నవ్?" అని నన్ను కన్న అవ్వే తిట్టింది.

"కూలిపోతే నాకేం మిగుల్తది అవ్వా? గడి నిలవడాలె. దాంట్ల మా బాపు చెప్పులేసుకొని నడవాలె" అన్నాను.

మ్యూజియం ఖాయమైంది. ఇల్లు రాసిచ్చిన దొర కొడుకే కమిటీకి అధ్యక్షుడయ్యాడు. పల్లకి, ఉయ్యాల, తమలపాకులు పెట్టుకునే వెండి పాన్‌దాను అద్దాల వెనక్కి చేరాయి. బాపు చూపు మసకబారినా తనకోసం ఒక జత కుట్టుకున్నాడు. అడుగేస్తే హాలంతా వినపడేలా, కిర్రుమనే చెప్పులు.

ప్రారంభం రోజు బాపును వెంటబెట్టుకుని పోయాను. గుమ్మం పక్కన బోర్డు ఉంది, చెప్పులు బయటే విడవాలని. పాత గచ్చు చెడిపోతుందని దొర కొడుకే పెట్టించాడట. నా ఒళ్లు మండిపోయింది. పీకి పారేద్దామని బోర్డు మీద చెయ్యి వేశాను. బాపు నా రెక్క పట్టుకుని ఆపాడు.

"చిన్నదొర గూడ ఇడువాల్నా?" అని కావలివాణ్ని అడిగాడు.

"ఎవరైనా ఇడువాల్సిందే తాతా."

"అయితే జర ఆగుదాం బిడ్డా" అంటూ బాపు అరుగెక్కి, ఒకప్పుడు దొర కూర్చున్న చోటే కూర్చున్నాడు. చెప్పులు కాళ్లకే ఉన్నాయి.

కాసేపటికి కారు వచ్చింది. దొర కొడుకు బోర్డు చూశాడు, చుట్టూ ఉన్న జనాన్ని చూశాడు. బొజ్జ అడ్డం వచ్చి, వంగి బూట్ల తాళ్లు విప్పుకోవడానికి నానా తంటాలు పడ్డాడు. సాయానికి ఎవరూ ముందుకు రాలేదు. నేను కదల్లేదు, కళ్లారా చూశాను. బూట్లు బాపు కాళ్ల దగ్గరే విడిచి, వట్టి కాళ్లతో తండ్రి ఇంట్లోకి పోయాడు.

"మనం గూడ పోదామా బాపూ?"

"లోపటేమున్నదే" అని బాపు లేచాడు.

గడి ముందు ఆ చివరిదాకా నడిచాడు. వెనక్కి తిరిగి ఈ చివరిదాకా వచ్చాడు. చెప్పులు కిర్రు కిర్రుమంటున్నాయి. లోపల ఉపన్యాసం మొదలైంది. బాపు మళ్లీ తిరిగాడు. ఆయన వెనకే నేనూ నడిచాను, చెప్పులతో.