తగిలిన పుంజు లెక్క

ఆర్విడ్ హౌగెన్ అమెరికాలోని సౌత్ డకోటాలో ఒక చిన్న ఊళ్లో స్కూలు బస్సు నడుపుతాడు. మనుషుల కన్నా ఫెజెంట్లనే అడవికోళ్లు ఎక్కువున్న ఊరు అది. అక్కడ ఎవరినడిగినా అతని బస్సు సంగతి తర్వాత చెబుతారు, ముందు చెప్పేది అతని గురి గురించే. వేసవిలో బుధవారం సాయంత్రాలు గన్ క్లబ్బులో ఇరవై అయిదు మట్టి బిళ్లలు గాల్లోకి ఎగరేస్తారు, వాటిని కాల్చి పగలగొట్టాలి. ఇరవై నాలుగే పగిలిన రోజున మొహం వేలాడేసుకుని ఇంటికి పోయే మనిషి ఆర్విడ్.

తూటాలు కొనడం అతనికి నామోషీ. కాల్చేసిన ఖాళీ తొడుగులు ఏరుకొచ్చి, ఇంటి కింది గదిలో బల్ల ముందు కూర్చుని, తుపాకి మందు కొలిచి, గుండ్లు పోసి, తానే మూతి మడుస్తాడు. బిళ్లల తూటాలకు ఆకుపచ్చ తొడుగు, ఫెజెంట్ పుంజుల వేట తూటాలకు ఎర్ర తొడుగు. ఆకుపచ్చవాటిలో ఆవగింజలంత గుండ్లు, మందు తక్కువ. ఎర్రవాటిలో సజ్జగింజలంతవి, మందు దండిగా. రెంటికీ తేడా ఏమిటని కొత్తవాళ్లెవరైనా అడిగితే చాలు, కుర్చీ లాక్కుని పాఠం మొదలుపెట్టేవాడు.

"బిళ్ల పెంకులాంటిది బాబూ. ఒకటి తగిలినా చిట్లుతుంది. అందుకని చిన్న గుండ్లు, బోలెడన్ని. వాటి సందుల్లోంచి అది జారిపోకూడదు, అంతే. పుంజు అట్లా కాదు. నీకు వీపు చూపించి పారిపోతుంది. ఈకలు దాటాలి, తోలు దాటాలి, ఎముక విరగాలి. అక్కడ నాలుగు తగిల్తే చాలు, కానీ గట్టివి తగలాలి."

ఆ ఏడు వసంతంలో అతని కుడి భుజంలో తెగిన నరాన్ని కుట్టారు. డాక్టరమ్మ మొహమాటం లేకుండా చెప్పింది. "తేలిక తూటాలు కాల్చుకో, వద్దనను. బరువువి ముట్టుకున్నావా, మళ్లీ తెగుతుంది. అప్పుడు బస్సు స్టీరింగు కూడా తిప్పలేవు." ఈ మాట ఆర్విడ్ ఎవరికీ చెప్పలేదు. వేసవంతా ఆకుపచ్చ తూటాలతో క్లబ్బులో ఎప్పటిలాగే నెగ్గుకొచ్చాడు. సెప్టెంబరు చివర ఊరవతలికి పోయి ఒకే ఒక్క ఎర్ర తూటా పేల్చి చూశాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. చిన్న తుపాకీ అరువు తెచ్చి చూశాడు, దానికీ అంతే.

అప్పుడతను చేసిన పని ఒక్క ఆర్విడ్‌లాంటివాడే చేయగలడు. ఎర్ర తొడుగుల్లో ఆవగింజల గుండ్లు పోశాడు. తెలియక కాదు, ఆ తేడాను సగం జిల్లాకు నేర్పింది తనే. ఆకుపచ్చ తొడుగులు నేల మీద పడితే లేలండ్ ప్రూస్ చూస్తాడు. లేలండ్ ధాన్యం గిడ్డంగిలో తూకం వేసేవాడు, చిన్ననాటి స్నేహితుడు, ఒక్క మాట దొరికితే పదేళ్లు వాడుకునే రకం. 'దగ్గరగా లేచినవాటినే కొడతాను, తలకే కొడతాను. నా గురికి ఆవాలైనా చాలు' అని ఆర్విడ్ తనకు తాను సర్దిచెప్పుకున్నాడు. గురి బాగున్నవాళ్లకు వచ్చే జబ్బు ఇది.

అక్టోబరు మూడో శనివారం, వేట మొదలయ్యే రోజు, ముప్ఫై ఒక్క ఏళ్లుగా అతను వెళ్లేది వెర్నా స్టాల్ పొలానికే. ఆమె భర్త ఎమిల్ పోయి ఆరేళ్లయింది, అతను పెట్టిన కట్టుబాటు మాత్రం పోలేదు. మనిషికి రోజుకు మూడు పుంజులని ప్రభుత్వం అంటుంది. తగిలిన పుంజు చేతికి దొరక్కపోయినా ఆ మూడింట్లో ఒకటేనని ఎమిల్ అనేవాడు. సాయంత్రం గేటు దగ్గర ఎవరి లెక్క వాళ్లు నోటితో చెప్పి పోవాలి. అడిగేది ఇప్పుడు వెర్నా. ఎనభై రెండేళ్ల మనిషి, చెవులు మాత్రం పాముచెవులు.

వెర్నా వంటింట్లో వేయించిన గొర్రెమాంసం ముక్కలు తిని, మధ్యాహ్నం పన్నెండింటికి జొన్నచేలోకి దిగారు. ఆర్విడ్ కుక్క టాఫీ ముందు, ఆర్విడ్, లేలండ్ వెనక. మొదటి పుంజు పాతిక గజాల్లో లేచింది. ఆర్విడ్ పేల్చాడు. గుప్పెడు ఈకలు గాల్లో తేలాయి. పుంజు ఒక కాలు వేలాడేసుకుని జమ్ము మడుగు మీదికి జారిపోయింది. రెండోదీ అంతే. మూడోది కాస్త ఒరిగి, మళ్లీ సర్దుకుని ఎగిరింది. లేలండ్ చేను అవతలి కొసన తన పుంజుల మీదే కళ్లు పెట్టుకుని ఉన్నాడు. టాఫీ జమ్ములో గంటసేపు వెతికి, ఒళ్లంతా బురదతో ఉత్త నోటితో తిరిగొచ్చింది.

బిళ్లల పోటీలో పెచ్చు లేచినా చాలు, పగిలినట్టే రాస్తారు. నలభై ఏళ్లుగా అతని కంటికి అదే అలవాటు. ఈకలు లేచిన ప్రతిసారీ లోపలెక్కడో 'పడింది' అనిపించింది. టాఫీ ఒంటి మీది బురద తుడుస్తూ ఆ సంతోషానికి సిగ్గుపడ్డాడు.

గేటు దగ్గర లేలండ్ ముందుగా అందుకున్నాడు. "నావి రెండమ్మా. ఇదిగో మా బిళ్లల దొర, సున్నా. మూడుకు మూడూ తప్పాయి. బుధవారం క్లబ్బులో దండోరా వేయించనా, ఆర్విడూ?"

వెర్నా ఆర్విడ్ వైపు తిరిగింది. "నిజమేనా?"

అవునంటే సరిపోతుంది. ఒక శీతాకాలం నవ్వులపాలవుతాడు, వచ్చే వారం మళ్లీ రావచ్చు. కాదంటే, తగిలినవి ఎందుకు పడలేదో, ఆ తూటా సంగతి చెప్పాలి, తూటా చెబితే భుజం చెప్పాలి. ఆ తర్వాత ఈ పొలంలో తుపాకీ పట్టడానికి ముఖం ఉండదు. పొలమొక్కటే కాదు, బరువు తూటా పనికిరాని భుజంతో పుంజుల వేటే ఇక లేదు. జమ్ములో ఎక్కడో కాళ్లు ముడుచుకుని కూర్చున్నవి మూడున్నాయి.

"తప్పలేదమ్మా. తగిలాయి, మూడూ" అన్నాడు. జేబులోంచి ఒక తూటా తీసి, చాకుతో మూతి విప్పి, గుండ్లు ఆమె అరచేతిలో పోశాడు.

వెర్నా వాటిని వేలితో కదిపి చూసింది. "ఇవి బిళ్లలవి."

"అవునమ్మా. భుజం కోయించుకున్నా. గట్టివి కాల్చలేను."

"మరి ఎర్ర తొడుగెందుకు?"

ఆర్విడ్ లేలండ్ వైపు తల తిప్పాడు. "వీడు చూస్తాడని."

లేలండ్ నవ్వలేదు. బూట్లకంటిన మట్టిని గేటుకేసి గీకుతూ నిలబడ్డాడు. "నాకు చెప్పి చావొచ్చు కదరా" అన్నాడు.

"పొద్దు గుంకలేదింకా. వెతకండి" అంది వెర్నా.

చీకటి పడేలోగా రెండు దొరికాయి. ఒకటి ఇంకా బతికే ఉంది. ఆర్విడే దాని మెడ విరిచాడు. మూడోది దొరకలేదు. తిరిగొచ్చాక వెర్నా, "భుజం బాగయ్యేదాకా తుపాకీ గేటు బయటే ఉండనీ" అంది.

"ఇది బాగయ్యేది కాదమ్మా."

"అయితే అది బయటే ఉంటుంది. నువ్వు రా, కుక్కను తీసుకుని."

పికప్పు బండి ఎక్కాక ఏడ్చాడు ఆర్విడ్. సిగ్గుతో కొంత, ఇక అయిపోయిందన్న దిగులుతో కొంత. ఆ ఏడు మళ్లీ పోలేదు.

మరుసటి అక్టోబరులో చేతికర్ర పట్టుకుని, టాఫీని వెంటబెట్టుకుని వెళ్లాడు. జొన్నచేలో మొదటి పుంజు రెక్కలు కొట్టుకుంటూ లేవగానే అతని ఖాళీ చేతులు వాటంతటవే భుజం దాకా లేచాయి. లేలండ్ పేల్చాడు. ఒక్క ఈక రాలలేదు.

"తప్పింది" అంటూ లేలండ్ అప్పుడే ఇంకో పుంజు కోసం చూస్తున్నాడు. తుపాకీ చేతిలో ఉంటే ఎవరి కళ్లైనా అంతే, తర్వాతి పక్షి మీదికి పోతాయి. ఆర్విడ్ కళ్లు మాత్రం ఆ మొదటిదాన్ని వదల్లేదు. అది చేను దాటింది, కంచె దాటింది. రెక్కలు బిగదీసుకుని నిట్టనిలువుగా కాస్త పైకి లేచి, కూలిపోయింది.

"తగిలింది" అన్నాడు.

"తప్పిందిరా బాబూ, నేనే కదా కాల్చింది."

"నువ్వు కాల్చావు. నేను చూశాను."

కుక్కతో కంచె దాకా నడిచాడు. పావుగంటకు తిరిగొచ్చి, వెచ్చగా ఉన్న పుంజును లేలండ్ కోటు వెనక సంచిలో పడేశాడు.

"ఒకటి" అన్నాడు.