మనవుల ఫారం, అక్క ఎడమచేయి

నోట మాట రాకముందే ఆ మాట ఏమిటో ఎరిగిన దేవునికి స్తోత్రం. బలమున్న చేతినీ బలం పోయిన చేతినీ ఒకే ప్రేమతో పట్టుకునే ప్రభువుకు మహిమ. నేను చెప్పబోయేది పెద్ద సాక్ష్యమేమీ కాదు. ఇందులో రోగం కుదిరిన సంగతి లేదు, చచ్చినవాడు లేచిన సంగతి లేదు. ఒక పాత కంప్యూటరు మీద నేను ఆరు వారాలు పడిన చిరాకు మాత్రమే ఉంది. అయినా ఆయన పేరుతోనే మొదలుపెడుతున్నాను. ఎందుకంటే ఆ ఆరు వారాల్లో ఆయన పేరు తలుచుకున్నదానికంటే పళ్లు కొరుక్కున్నదే ఎక్కువ.

మా సంఘం మూడు చోట్ల కూడుకుంటుంది. నెల్లికుదురులో మందిరం ఉంది. జనగామలో ఒక విశ్వాసి ఇంటి మేడ మీద, భూపాలపల్లిలో బొగ్గు గని క్వార్టర్ల దగ్గర రేకుల షెడ్డులో మిగతా రెండు కూడికలు. మూడు చోట్లవాళ్లూ తమ ప్రార్థన మనవులను నెల్లికుదురులో ఉండే ఒక అక్కకు ఫోన్ చేసి చెబుతారు. ఆమె వాటిని రాసి ఆదివారం పొద్దున మా పాస్టరు అయ్యగారి చేతికిస్తుంది. ఆయన ఒక్కొక్కటి చదువుతుంటే మేము మోకాళ్ల మీద ఉంటాం.

అక్క అంగన్‌వాడీలో పనిచేసి రిటైరైన మనిషి. నేను సండే స్కూలుకు వెళ్లే రోజుల నుంచీ ఆ మనవుల పుస్తకం ఆమె చేతిలోనే చూస్తున్నాను. కిందటి ఏడు ఆమెకు పక్షవాతం వచ్చింది. మాట తిరిగి వచ్చింది, నడక కర్ర సాయంతో వచ్చింది, కుడిచేయి మాత్రం రాలేదు. ఎడమచేత్తో రాయాలని చూసింది. ఆ రాత అయ్యగారికే కాదు, ఆమెకే అర్థం కాలేదు.

ఒక ఆదివారం ఆరాధన అయ్యాక మా సంఘ పెద్ద ఆమె దగ్గరికొచ్చాడు. ఆయన బడిపంతులుగా చేసినవాడు, ఏదైనా మెల్లగా చెబుతాడు గానీ చెప్పి తీరుతాడు.

"అక్కా, నీకు జర రెస్టు ఇద్దామనుకుంటున్నం. భూపాలపల్లి ఆడపిల్లలు మనవులన్నీ ఫోన్లనే రాసి పంపుతరట."

"రెస్టు పైకి పోయినంక దొరుకుతది గద సారూ. ఇప్పుడెందుకు?" అంది అక్క. నవ్వుతూనే అంది. కానీ ఒళ్లో ఉన్న కుడిచేతిని ఎడమచేత్తో గట్టిగా పట్టుకోవడం నేను చూశాను. ఇల్లు కడిగే పని పోయింది, వంట పోయింది, కుట్టుపని పోయింది. ఆమెకు మిగిలిన పని అదొక్కటే.

నేను మధ్యలో దూరాను. "సార్, ఎడమచేత్తోని కీబోర్డు ఒత్తొచ్చు. నేను అక్కకు ఒక ఫారం చేసిస్త."

ఆయన నన్ను కిందికీ మీదికీ చూశాడు. "సరే. కోతపండుగ ఆదివారం దాకా చూద్దాం. అప్పటికి కాకపోతే ఆడపిల్లలకు అప్పజెప్దాం."

పండిన పంటలో కొంత మందిరానికి తెచ్చే ఆ కోతపండుగకు ఆరు వారాలుంది. నేను మానుకోటలో పిల్లలకు కంప్యూటరు నేర్పే పని చేస్తాను. ఒక్క ఫారానికి ఆరు వారాలెందుకు అనుకున్నాను. ఆ గర్వానికి తగిన శాస్తే జరిగింది.

జనగామ విశ్వాసి ఒకాయన తన పాత కంప్యూటరు మందిరానికి ఇచ్చాడు. మామూలుగా అందరూ వాడే సిస్టం దానికి మోయలేని బరువు. అందుకని ఉచితంగా దొరికే తేలిక సిస్టం ఒకటి ఎక్కించి, దాని మీద చాలా పాతదైన చిన్న విండో మేనేజరు పెట్టాను. తెర మీద ఏ కిటికీ ఎక్కడ తెరుచుకోవాలి, దాని అంచు ఎంత, ఏ మీట నొక్కితే ఏం జరగాలి అనేవన్నీ చూసుకునే ప్రోగ్రాం అది. అందులో నాకు నచ్చిన సంగతి ఒకటుంది. మనకు కావలసిన ఫారాన్ని మనమే ఒక ఫైల్లో వరుసలు వరుసలుగా రాసుకోవచ్చు. ఒక వరుసలో 'పేరు' అనే అక్షరాలు, పక్కన టైపు చేసే గడి, ఆ కింద 'ఊరు', ఆ కింద 'మనవి', చివర 'పంపు' అనే బటన్. అది నొక్కితే మనవి ఒక జాబితాలో చేరుతుంది, ఆదివారం ఆ జాబితాను కాగితం మీద ప్రింటు తీసి అయ్యగారికి ఇవ్వడమే. కంప్యూటరు వెలగగానే ఆ ఫారం ఒక్కటే తెర నిండా కనబడుతుంది. అక్క వేరే దేన్నీ వెతుక్కోనక్కరలేదు.

ఎలా రాయాలో తెలియక, ఆ ప్రోగ్రాంతో పాటు వచ్చిన నమూనా ఫారం ఒకటి తీసుకున్నాను. 'కంప్యూటరు ఆపేయమంటారా?' అని అడిగే చిన్న ఫారం అది. దాన్నే కోసి, అతికి, మన మనవుల ఫారంగా మార్చడం మొదలుపెట్టాను.

మొదటి శనివారం తెలుగు అక్షరాలతోనే పోయింది. ఆ పాత ప్రోగ్రాంకు వత్తులు కలపడం రాదు. 'ప్రార్థన' అని రాస్తే పకారం ఒక చోట, రకారం ఒక చోట, థకారం ఇంకో చోట విడివిడిగా నిలబడ్డాయి. ఇంకో ఫాంటు పెడితే అక్షరాలే లేవు, ఖాళీ డబ్బాలు. కోపంతో తెలుగు మాటలున్న వరుసల్లో కొన్నిటిని ఖాళీ చేసి పారేశాను. చివరికి అక్కనే అడిగితే, "ఫోన్ల ఎట్ల రాస్తమో గట్లనే రాస్త తియ్యి, ఇంగ్లిషు అక్షరాలతోని. దేవునికి రెండూ వస్తయి" అంది.

రెండో శనివారం ఒక వరుసలో కొటేషను గుర్తు ఒకటి మరిచాను. తప్పుంటే తప్పని చెప్పదు ఆ ప్రోగ్రాం. ఊరికే ఫారం తెరుచుకోదు, అంతే. మధ్యాహ్నమంతా ఆ ఒక్క గుర్తు కోసం వెతికాను. మూడో శనివారం ఎంటర్ మీట. అక్క పేరు కొట్టి ఎంటర్ నొక్కగానే, ఊరూ మనవీ లేకుండానే ఫారం వెళ్లిపోయింది. నేను 'పంపు'గా మార్చిన బటన్‌కు నమూనాలో ఆ మీటనే కట్టి ఉంచారు. అది విప్పాను. నేను కూర్చొని పది ఫారాలు నింపి చూశాను. పదీ సక్రమంగా వెళ్లాయి. అక్కకు అప్పగించి, బండి మీద పాట పాడుకుంటూ మానుకోటకు వచ్చాను.

మర్నాడు ఆరాధనలో అయ్యగారు కాగితం విప్పి చదివారు. "భూపాలపల్లి నుంచి ఒక సహోదరి..." అని ఆగారు. తర్వాత ఏమీ లేదు. "జనగామ నుంచి ఒక సహోదరుడు..." మళ్లీ ఏమీ లేదు. ఎనిమిది మనవుల్లో అయిదింటికి పేరూ ఊరూ తప్ప ఇంకేం లేదు. వెనక బెంచీలో ఒక ముసలాయన పక్కాయనతో అన్నాడు, "గామెకు ఏం గావాల్నో దేవునికే ఎరుక."

"అయితే ఇంకేంది? దేవునికే గద చెప్పుడు" అన్నాడు పక్కాయన.

నవ్వులు వినబడ్డాయి. అక్క నవ్వలేదు. సాయంత్రం భూపాలపల్లి నుంచి ఆ సహోదరే ఫోన్ చేసిందట. "అక్కా, నీ మీద ఆశతోని చెప్పిన. మా ఆయన కాలు మీద బొగ్గుపెళ్ల పడ్డది, దవాఖానల ఉన్నడు. నా మనవి ఎందుకు సదివియ్యలే?" ఆ మాటలు అక్క నాకు చెప్పేటప్పుడు కళ్లు పైకెత్తలేదు. మనవి రాయకముందే ఫారం మాయమైపోతోందని, పోయినదాన్ని వెనక్కి ఎలా తేవాలో తెలియలేదని చెప్పింది.

నాలుగో శనివారం నేను కరెంటును అనుమానించాను. ఇన్వర్టరును అనుమానించాను. కీబోర్డు మార్చాను. ఉన్న ఫైలునే ముందర పెట్టుకుని వరుస వరుసా మళ్లీ కొట్టాను. నేను కూర్చుంటే ఫారం చక్కగా వెళుతుంది. అక్క కూర్చుంటే మాయమవుతుంది. అయిదో శనివారం సహనం పోయింది.

"అక్కా, నువ్వు ఏదో ఒత్తుతున్నవ్. ఒత్తకుంట అదెట్ల పోతది?"

"నేనేం ఒత్తలే తమ్మీ."

"ఒత్తినవ్. నాకు మంచిగనే పనిచేస్తుంది గద!"

అక్క తన ఎడమచేతిని తెర వెలుగులో చాపి, వేళ్లు ముడిచి, మళ్లీ చాపింది. "ఒత్తిననేమో. ఈ చెయ్యి గుడ నా మాట వింటలేదేమో. సారుకు చెప్త తియ్యి, ఆ పిల్లలకే ఇచ్చెయ్యమని."

అక్కకు ఉన్న ఒక్క చేతి మీదా నమ్మకం తీసేశానని బండి మీద తిరిగి వస్తుంటే గాని నాకు తట్టలేదు. యుద్ధం రోజు ఒక ప్రవక్త ప్రార్థనకు ఎత్తిన చేతులు బరువెక్కితే ఇద్దరు చెరో వైపు నిలబడి పొద్దు గూకేదాకా పట్టుకున్నారని సండే స్కూల్లో పిల్లలకు నేనే చెబుతాను. ఇక్కడ నేను పట్టుకోవాల్సిన చేతిని కిందికి గుంజాను.

ఆరో శనివారం, కోతపండుగకు ముందురోజు, నేను కీబోర్డు ముట్టలేదు. పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాను. "సారుకు ఇంక చెప్పలేదు గద అక్కా?"

"రేపు చెప్త. ఇయ్యాలటియి అయితే రాయాలె గద."

మూడు గంటలకు ఫోన్ మోగింది. భూపాలపల్లి సహోదరే. భర్త కాలికి మళ్లీ ఆపరేషను అంటున్నారట. అక్క అంతా విన్నది, ఫోన్ పెట్టేసింది. ఎడమచేతి చూపుడు వేలుతో పేరు కొట్టింది. ఊరు కొట్టింది. 'మనవి' గడిలోకి వచ్చింది. అక్కడ చేయి తీసి ఒళ్లో పెట్టుకుని, తల వంచి, కళ్లు మూసుకుంది.

అప్పుడు గుర్తొచ్చింది నాకు. పుస్తకంలో రాసిన రోజుల్లోనూ ఆమె పద్ధతి ఇదే. పేరూ ఊరూ రాసి, పెన్ను పక్కన పెట్టి, ఆ మనిషి కోసం ముందు తను ప్రార్థించేది. ఆ తర్వాతే మనవి రాసేది. తను మోయని మనవిని సంఘం మీద పెట్టకూడదని ఆమె పట్టు. చిన్నప్పుడు ఎన్నిసార్లు చూశానో.

నేనూ కళ్లు మూసుకోవాల్సింది. మూసుకోలేదు, క్షమించు ప్రభువా, తెర వైపే చూస్తున్నాను. అక్క పెదవులు కదులుతున్నాయి. ఆపరేషను, డాక్టర్లు, ఆ ఇంట్లో ఇద్దరు కూతుళ్లు, ఒక్కొక్కరినీ పేరుపేరునా దేవుని ముందు పెడుతోంది. ఒక నిమిషం దాటింది. చేయి ఒళ్లోనే ఉంది. ఉన్నట్టుండి ఫారం మాయమైంది.

"నీ చెయ్యి కాదక్కా!" అని అరిచాను.

అక్క కళ్లు తెరవలేదు. ప్రార్థన ముగించి, ఆమేన్ అని, అప్పుడు నా వైపు తిరిగింది. "ప్రార్థన నడుమల మాట్లాడొద్దని నీకు సండే స్కూల్ల ఎవ్వలు చెప్పలేదా?"

"నువ్వే చెప్పినవ్ అక్కా. గని నీ చెయ్యి కాదు. నేను చూసిన. నువ్వేం ఒత్తలే."

ఫైలు తెరిచాను. అయిదు నిమిషాలు కూడా పట్టలేదు. నేను తీసుకున్న నమూనా కంప్యూటరు ఆపడానికి అడిగే ఫారం కదా. మనిషి ఏమీ చెప్పకపోతే తొంభై సెకన్లు చూసి తనంతట తానే కానిచ్చేయాలని అందులో ఒక వరుస ఉంది. ఎన్ని సెకన్లు మిగిలాయో తెర మీద లెక్క కూడా చూపాలి. కానీ ఆ లెక్క పక్కన నేను రాసిన తెలుగు మాట డబ్బాలుగా కనబడుతోందని మొదటి శనివారమే దాన్ని చెరిపేశాను. చూపించేది చెరిగింది, గడువు మిగిలింది. కళ్లు మూసుకున్న మనిషికి తొంభై సెకన్లు ఇచ్చి, తర్వాత నోరు మూయించే ఫారం తయారుచేశాను నేను.

ఆ వరుస తీసేసి అక్కకు చెప్పాను.

"మరి నువ్వు పది నింపి చూసినంటివి. మంచిగనే పోయినయంటివి."

"పోయినయక్కా."

"అంటే పదింటికి పది ప్రార్థన చెయ్యకుంటనే కొట్టినవా?"

ఆ పది మనవుల్లోనూ పేరు దగ్గర టెస్టు, ఊరు దగ్గర టెస్టు, మనవి దగ్గరా టెస్టే కొట్టాను.

అక్క మళ్లీ పేరు కొట్టింది, ఊరు కొట్టింది. ఈసారి నేను కూడా కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి ఫారం అక్కడే ఉంది.

మర్నాడు కోతపండుగ. వేదిక ముందు వడ్ల బస్తాలు, మొక్కజొన్న కంకులు, గుమ్మడికాయలు, ఎండుమిర్చి గంప. గంప ఘాటుకు ముందు వరుసవాళ్లు తుమ్ముతుంటే అయ్యగారు కాగితం విప్పారు. పదకొండు మనవులు. ఒక్కటీ సగంలో ఆగలేదు. భూపాలపల్లి సహోదరి మనవి చదివినప్పుడు మందిరమంతా ఒక్క గొంతుతో ప్రార్థించింది. వెనక బెంచీ ముసలాయన మాత్రం, "గింత పొడుగేంది ఇయ్యాల, అన్నం సల్లారుతది" అని గొణిగాడు.

సంఘ పెద్ద బయట చెప్పుల దగ్గర నిలబడి ఉన్నాడు. అక్క కర్ర ఊనుకుంటూ వచ్చింది. ఆయన ఆడపిల్లల మాట ఎత్తలేదు. "వచ్చే వారం అక్షరాలు జర పెద్దగ రావాలె అక్కా, అయ్యగారికి అద్దాల నంబరు మారిందట" అన్నాడు.

"తమ్మికి చెప్త సారూ. ఇంకో ఆరు వారాలు పడ్తదేమో" అంది అక్క.

పడుతుందేమో నిజంగానే. ఆ ప్రోగ్రాంలో అక్షరాలు పెద్దవి చేస్తే గడులు ఒకదాని మీద ఒకటి ఎక్కుతున్నాయి. నిన్న శనివారం కూడా పళ్లు కొరుక్కున్నాను.

చదివినవారు ఒక్క నిమిషం నాతో కలవండి. తొంభై సెకన్లని కాదు, మీకు ఎంతసేపు వీలైతే అంతసేపు. అక్క ఎడమచేతి బలం కోసం, ఆపరేషను అయి మంచం మీదున్న ఆ కార్మికుని కాలి కోసం, చేసే పనిలో ప్రార్థనకు చోటు విడిచిపెట్టడం మరిచే నాలాంటివాడి కోసం, మన ప్రభువు ముందు మీరూ ఒకసారి కళ్లు మూసుకోండి. ఆమేన్.