గ్లెనిస్ కుడిచెయ్యి

గ్లెనిస్‌కు పాతికేళ్ళుగా సెస్నా విమానం ఇంట్లో సైకిలు లాంటిది. సరుకులకూ, ఉత్తరాలకూ, పక్క ఫారంలో పెళ్ళికీ, పంటి నొప్పికీ అందులోనే వెళ్ళివచ్చింది. క్వీన్స్‌లాండ్ రాష్ట్రం పై కొసన, సముద్రం వైపు ఉన్న ఆ పశువుల ఫారంలో అదేం గొప్ప కాదు. హెలికాప్టరంటే మాత్రం ఆమెకు చులకన. "పంకా కింద కుర్చీ వేసుక్కూచుని ఆవుల్ని అదిలించడం కూడా ఒక పనేనా" అనేది. ఆ కుర్చీలో కూచుని అదిలించేది ఆమె సొంత కూతురు టామ్‌సిన్.

అలాంటి మనిషికి యాభై ఎనిమిదో ఏట ఆ కుర్చీ ఎక్కక తప్పలేదు. ఎక్కించినవాడు అల్లుడు కోరిన్.

కోరిన్ పశువైద్యుడు. కడుపులో కాలు అడ్డం తిరిగిన దూడను మోచేతి దాకా చెయ్యి పెట్టి బయటికి లాగుతాడు, కనురెప్ప వేయడు. కూతురు ఎఫీ తుమ్మితే మాత్రం ఒళ్ళు చూస్తాడు, తుమ్మకపోతే ఎందుకు తుమ్మలేదా అని మళ్ళీ చూస్తాడు. ఎఫీ పుట్టి నాలుగో నెల. అక్కడి వానాకాలానికి ముందొచ్చే అక్టోబరు ఉక్క మొదలైంది. వానలు పడితే ముందు రోడ్డు పోతుంది, తర్వాత రన్‌వే మునుగుతుంది, సెస్నాను మిట్ట మీదికి తోసి తాళ్ళతో కట్టేస్తారు. ఇక మూడు నెలలు బయటికి పోవాలంటే హెలికాప్టరొక్కటే. దాన్ని నడిపేది టామ్‌సిన్ ఒక్కతే.

"ఆ ఒక్కతికీ జ్వరమొస్తే?" అన్నాడు కోరిన్ భోజనాల దగ్గర. "బిడ్డకీ తల్లికీ ఒకేసారి వస్తే?"

"నీకొస్తే?" అంది గ్లెనిస్.

"నాకొస్తే ఫర్వాలేదు. నేను దేన్నీ నడపను. నడిపేవాళ్ళు ఇద్దరుంటే ఉంటాం. లేదంటే వానలు వెలిసేదాకా పట్నంలో ఇల్లు తీసుకుంటాం. ఒకటి చూశాను కూడా."

గ్లెనిస్ నములుతున్న మాంసం ముక్కను చాలాసేపు నమిలింది. ఆ మూడు నెలల్లో ఎఫీ బోర్లా పడుతుంది, కూచుంటుంది, తనని మరిచిపోతుంది.

"ఆ రెండోదాన్ని నేనవుతా" అంది.

టామ్‌సిన్‌కు నేర్పే లైసెన్సుంది. పదహారో ఏట తనకు సెస్నా నేర్పింది అమ్మే. అప్పుడు పడ్డ చివాట్లన్నీ ఆమెకు హఠాత్తుగా, మాట మాటకీ జ్ఞాపకం వచ్చాయి.

హెలికాప్టరు మొదటి పాఠం ముందుకు పోవడం కాదు, ఉన్నచోట ఉండడం. మనిషెత్తున లేపి గాలిలో కదలకుండా నిలపాలి. గ్లెనిస్ లేపింది. అది పెళ్ళిలో తాగి చిందేసే మేనమామలా ఒక పక్కకి ఒరిగి, తమాయించుకుని, రెండో పక్కకి ఇంకా ఎక్కువగా ఒరిగింది.

"అమ్మా, ఆ కడ్డీని పిసక్కు. అదేం పొదుగు కాదు!"

"నేనేం చెయ్యట్లేదే!"

"చేస్తున్నావు. అదే తప్పు. జరపాలనుకో, చాలు. జరపకు."

షెడ్డు నీడలో ఎఫీని భుజాన వేసుకుని నిలబడ్డ కోరిన్, అది ఎటు ఒరిగితే తను దానికి ఎదురు ఒరిగాడు. పిల్ల సుఖంగా నిద్రపోయింది.

"ఏం డాక్టరూ, ఎలా ఉంది?" అంది గ్లెనిస్ చెమట తుడుచుకుంటూ దిగి.

"నిలిచారు" అన్నాడు కోరిన్ ఆలోచించి. "ఫారమంతా తిరిగి తిరిగి నిలిచారు."

నిలపడం కొన్నాళ్ళకు పట్టుబడింది. అసలు చిక్కు వేరేచోట వచ్చింది. పైకి వెళ్ళాక టామ్‌సిన్ చెప్పాపెట్టకుండా ఇంజిను బలం తగ్గించేది. ఆ క్షణంలో ఎడమచేతి మీటను కిందికి దించాలి. దించితే కింది నుంచి వచ్చే గాలే రెక్కల్ని తిప్పుతూ మెల్లగా నేలకు చేరుస్తుంది. కుడిచేతి కడ్డీని కొంచెం వెనక్కి తీసుకోవాలి, ముందుకు మాత్రం పొడవకూడదు, పొడిస్తే ముక్కు వాలి నేలను గుద్దుకుంటుంది. గ్లెనిస్ కుడిచెయ్యి ప్రతిసారీ ముందుకే పొడిచేది. టామ్‌సిన్ చప్పున తన వైపు కడ్డీ అందుకుని సరిచేసేది.

"చచ్చిపోయావమ్మా."

"మళ్ళీనా?"

"మళ్ళీనే. సంతాపానికి వచ్చినవాళ్ళకి టీ చాలుతుందా, కేకు కూడా చెయ్యనా?"

"పుర్రెతో పుట్టిన బుద్ధి పుడకలతో గానీ పోదని ఊరికే అన్నారా" అంది గ్లెనిస్ నవ్వుతూనే. దిగాక మాత్రం టోపీ కళ్ళ మీదికి లాక్కుని గుర్రాల వైపు వెళ్ళిపోయింది. ఉత్తరాన రోజూ సాయంత్రం మబ్బులు గోపురాల్లా లేస్తున్నాయి.

భయస్థుడికి ఒక మేలుంది, అన్నీ గమనిస్తాడు. కోరిన్ గమనించాడు.

"మీరు బుధవారం బతికే ఉంటున్నారు" అన్నాడు ఒకనాడు టీ తాగుతూ. "గురువారం సరుకులకు సెస్నాలో వెళ్ళొస్తారు. శుక్రవారం చచ్చిపోతారు."

తల్లీకూతుళ్ళిద్దరూ కప్పులు దించారు.

"సెస్నాలో మీ కుడిచేతిలో ఉండేదేమిటి? ఇంజినుకు బలమిచ్చే పిడి. ముందుకు నెడితే బలం. పాతికేళ్ళుగా ఆపదొస్తే ఆ చెయ్యి చేసే పని అదే. మీ చెయ్యి తప్పు చెయ్యట్లేదు గ్లెనిస్, పక్క విమానంలో ఒప్పు చేస్తోంది. వారానికోసారి దానికి మళ్ళీ పాత పాఠం వల్లె వేయిస్తున్నారు."

"అంటే? నా విమానం నన్ను ముట్టుకోవద్దంటావు?"

"ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు కదా. కొత్తది కుదురుకునేదాకా."

గ్లెనిస్ లేచి కిటికీ దగ్గరికెళ్ళింది. సెస్నా ఎప్పట్లాగే షెడ్డు పక్కన ముక్కు ఎత్తుకుని నిలబడి ఉంది. "మరి సరుకులెవరు తెస్తారు?" అంది అటే చూస్తూ.

"నేను తెస్తా" అంది టామ్‌సిన్. "మూటలు మొయ్యడానికి సలహా ఇచ్చినవాడొస్తాడు."

అలా కోరిన్ ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకుని సెస్నా ఎక్కాడు. పైకెళ్ళాక టామ్‌సిన్ అతనికి స్టీరింగు పట్టుకొమ్మని ఇచ్చింది. అతను పట్టుకున్న పట్టుకు విమానం మేకపిల్లలా గింజుకుంది.

"చేతులు తియ్యి" అంది టామ్‌సిన్.

"పిచ్చా నీకు?"

"తియ్యవయ్యా!"

తీశాడు. విమానం సర్దుకుని తిన్నగా పోసాగింది.

"దానంతటదే పోతోంది!"

"నువ్వు అడ్డం రాకపోతే పోతుంది."

ఇంటికొచ్చాక అతని నోటికి మూత పడలేదు. "కొత్తగా నేర్చుకునేవాళ్ళకు విమానమే మేలు. వదిలేస్తే అది ఎగురుతుంది, మీది పడుతుంది. దాన్ని క్షణం వదలడానికి లేదు!"

"అయ్యో, ముక్కు గోక్కోవడానికి కూడా లేదని నాకు తెలియదు, చెప్పావు" అంది గ్లెనిస్. "ఒక్క పూట ఎగిరొచ్చి నాకు పాఠం చెప్తున్నాడమ్మా!"

కానీ మాట నిలబెట్టుకుంది. సరుకులు దించగానే సెస్నాకు గుడ్డ కప్పేసి, దాని పక్కనుంచి పోతున్నప్పుడు ముఖం తిప్పుకునేది. మొదట్లో వేళ్ళు ఊరికే టేబులును ముందుకు తోసేవి. తర్వాత తర్వాత మానేశాయి.

ఒక పొద్దున షెడ్డు దగ్గర కోరిన్ విన్నాడు: పైన ఇంజిను శబ్దం ఉన్నట్టుండి సన్నబడింది. తలెత్తాడు. హెలికాప్టరు ముక్కు ముందుకు వాలలేదు. రెక్కలు గిర్రున తిరుగుతుండగా, మర్రాకు కాదు గానీ రాయి కూడా కాదు అన్నట్టు, పద్ధతిగా కిందికి జారింది. నేల దగ్గర పడుతుండగా ఇంజిను మళ్ళీ అందుకుంది. దిగింది. మళ్ళీ లేచింది, మళ్ళీ సన్నబడింది, మళ్ళీ అలాగే జారింది. అప్పుడు టామ్‌సిన్ తల వంచుకుని రెక్కల కింద నుంచి బయటికొచ్చి, తలుపు వేసి, చేత్తో సైగ చేసింది. వెళ్ళు.

ఒక్కరి బరువే ఉండేసరికి హెలికాప్టరు గ్లెనిస్ కూచున్న పక్కకి ఒరిగి లేచింది. కోరిన్ ఎదురు పక్కకి ఒరిగాడు. ఆమె మంచినీళ్ళ టాంకు చుట్టూ తిరిగొచ్చి, ఒకచోట నిలిపి, ముందు దాని ఒక కాలు, తర్వాత రెండో కాలు మోపి దింపింది.

తొలిసారి ఒంటరిగా ఎగిరినవాళ్ళ నెత్తిన పశువుల తొట్టి నీళ్ళు కుమ్మరించాలి. ఆ ఇంటి ఆనవాయితీ ప్రకారం, ఎవరికి నమ్మకం తక్కువో వాళ్ళే కుమ్మరించాలి. టామ్‌సిన్ పచ్చటి నాచు తేలే బకెట్టు తెచ్చి మొగుడి కాళ్ళ ముందు పెట్టింది. అది పోస్తే ఇక పట్నం మాటెత్తడానికి లేదు.

గ్లెనిస్ టోపీ తీసి నేల మీద కూచుంది. "కానీ డాక్టరూ."

"గాలివాన ఉంటే?"

"ఎగరను."

"చీకటి పడితే?"

"ఎగరను. అందులో కప్ప ఉన్నట్టుంది, పాపం దానికీ ఉక్కపోస్తోంది."

"మీకిద్దరికీ ఒకేసారి ఒంట్లో..."

"కోరిన్!" అన్నారు ఇద్దరూ.

అతను ఎఫీని టామ్‌సిన్‌కు అందించి బకెట్టు ఎత్తాడు. పోశాడు, అడుగున ఉన్న నాచుతో సహా.

గ్లెనిస్ పెట్టిన కేకకు ఎఫీ లేచి గుక్కపట్టింది. "అయ్యో నా తల్లీ, రా!" అంటూ గ్లెనిస్ నీళ్ళోడుతున్న చేతులు చాచింది.

"తడి చేతులతోనా!" కోరిన్ చటుక్కున పిల్లను లాక్కున్నాడు. "జలుబు చెయ్యదూ?"

గ్లెనిస్ కూతురి వైపు చూసింది. "ఇతనితో మూడు నెలలు ఎలా వేగాలే?" అంది, ముఖం మీద నాచు తుడుచుకోవడం కూడా మరిచిపోయి నవ్వుతూ.