అమ్మ చేతులు అడ్డం పెట్టిన బల్బు

దయ్యాలు, మహిమలు నేను ఏనాడూ నమ్మలేదు. ఎవరైనా ఏదో చూశామంటే ఏ చోట, ఎంతసేపు, పక్కన ఎవరున్నారు అని అడిగి విసిగించేవాణ్ణి. అందుకే ఈ సంగతి చెప్పడానికి ఇన్నాళ్ళు వెనకాడాను.

తెల్లవాళ్ళ పాలన చివరి రోజులవి. మార్కాపురంలో నాది కుట్టుపని. ఊరవతల షెడ్డులో ఆయిల్ ఇంజను పెట్టి కొత్తగా కరెంటు ఇచ్చారు. మా వీధిలో ఆఖరి స్తంభం నా అంగడి ముందరే.

పొద్దుగూకగానే అన్ని ఇళ్ళలో దీపాలు వెలిగేవి. అదే వేళకు మా వీధిలోని పలకల కార్ఖానాలో రంపం మోటారు మొదలయ్యేది. నా బల్బు ఎర్రబడి నిప్పుకణికలా మిగిలేది. సూదిలో దారం ఎక్కించడం కూడా నా వల్ల అయ్యేది కాదు.

కరెంటు ఆఫీసుకు ఎన్నిసార్లు పోయానో. ఓవర్సీరు కూర్చోమని కూడా అనలేదు.

"ఏందయ్యా, రోజూ ఇదే పాటేనా? దీపం బాగానే ఉంటాది. కళ్ళద్దాలు కొనుక్కో, పో," అన్నాడు.

గుమాస్తాలు నవ్వారు. ఎవరెవరు నవ్వారో ఇప్పటికీ చెప్పగలను.

నేను వదల్లేదు. చివరికి ఆయనే వచ్చి చూస్తానన్నాడు. తప్పుడు ఫిర్యాదని తేలితే తీగ పీకేస్తానన్నాడు. క్రిస్మస్ దగ్గర పడింది. పల్లెల నుంచి వచ్చిన గుడ్డలు కుప్పగా ఉన్నాయి. పండగకు అందించకపోతే వాళ్ళు మళ్ళీ నా గడప తొక్కరు.

అన్నట్టే ఒక సాయంత్రం మీటరు తెచ్చి తీగకు తగిలించాడు. మోటారు మొదలైంది. ముల్లు జారింది, బల్బు ఎర్రబడింది.

"వోల్టేజి పడేకొద్దీ ఆ మోటారు కరెంటు ఇంకా గుంజుతాది. అది గుంజేకొద్దీ ఇది ఇంకా పడతాది. కాలవ చివరి మడి మాదిరి అయింది నీ పని," అని గొణిగాడు.

గెలిచాననుకున్నాను. అప్పుడే అంగడి వెనక ఇంట్లోంచి అమ్మ ఆయనకు మంచినీళ్ళు తెచ్చింది. తలుపు తెరిచి ఉండడంతో బల్బు గాలికి ఊగుతోంది. అమ్మ చెంబు కింద పెట్టి, నూనెదీపానికి పెట్టినట్టే బల్బుకు రెండు చేతులూ అడ్డం పెట్టింది.

"అవ్వా, ఇది గాలికి ఆరిపోయే దీపం కాదులే," అని ఓవర్సీరు నవ్వాడు.

ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. బల్బు తెల్లగా వెలుగుతోంది. గోడ మీద అమ్మ వేళ్ళ నీడలు స్పష్టంగా పడ్డాయి. మోటారు చప్పుడు ఆగలేదు. మీటరు ముల్లు కిందనే ఉంది. ఆయన మీటరును వేలితో తట్టాడు. ముల్లు కదల్లేదు.

"చేతులు తియ్యమ్మా," అన్నాను. నా దీపం మసకబారాలని కోరుకోవడం జీవితంలో అదే మొదటిసారి.

"ఊరుకోరా, ఇంటికొచ్చిన మనిషిని చీకట్లో నిలబెడతామా?" అంది.

బతిమాలితే తీసింది. బల్బు ఎర్రబడింది. ఓవర్సీరే మళ్ళీ పెట్టమన్నాడు. పెట్టింది. తెల్లబడింది.

ఆయన మీటరు చెప్పిందే నిజమని ఒప్పుకుని, పండగ లోపలే లావు తీగ వేయించాడు. బట్టలన్నీ అందించాను. కళ్ళద్దాల మాటకు మాత్రం తప్పయిందని అనలేదు.

అమ్మ పోయిన తర్వాత, కరెంటు తగ్గినప్పుడల్లా నేనూ చేతులు అడ్డం పెట్టి చూశాను. అరచేతులు కాలడం తప్ప ఏమీ జరగలేదు.

చాలా ఏళ్ళకు గిద్దలూరు రైలు స్టేషనులో ఓవర్సీరు కనిపించాడు. బాగా ముసలివాడైపోయాడు. దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు.

"అన్నా, ఆ పొద్దు దీపం నిజంగానే తెల్లబడినాదా? లేకుంటే నా కళ్ళే అట్ల చూసినాయా?"

కళ్ళద్దాలు కొనుక్కో పో అనడానికి అంతకంటే మంచి అదను మళ్ళీ రాదు. మాట నాలుక చివరిదాకా వచ్చింది. అనలేకపోయాను. నేను కూడా చూశాను కదా.

"తెల్లబడింది," అన్నాను.