దాహం వేయని గోల్‌కీపర్

నిజం చెప్పండి, ఎండలోకి వెళ్ళేటప్పుడు మీరు జేబులో ఉల్లిగడ్డ పెట్టుకుంటారా?

సిగ్గుపడకండి. మరాఠీ, తెలుగు కలిసిపోయిన మా సోలాపూర్‌లో పెట్టుకోనివాళ్ళే తక్కువ. ఎండాకాలం ముదిరిందంటే భవాని పేట్‌లో సగంమంది జేబులు ఉబ్బి కనిపిస్తాయి. ఉల్లిగడ్డ ఎండదెబ్బను పీల్చేస్తుందట. రుజువేమిటంటే, సాయంత్రానికి అది వాడిపోయి ఉంటుంది చూడు అంటారు. ఉల్లిగడ్డ వాడితే దానికి ఎండ తగిలిందని అర్థం గానీ మీకు తగల్లేదని కాదు గదా! ఇలాంటి మాటలు అంటాననే మా చుట్టాలు నన్ను పెళ్ళిళ్ళలో దూరంగా కూర్చోబెడతారు. పంఖా ఆ మూలనే ఉంటుంది గనుక నాకేమీ బాధ లేదు.

నేను పెరిగిందే వాదాల మధ్య. మా నాన్న పగలంతా సాంచాలు, అంటే కరెంటు మగ్గాలు నడిపి, సాయంత్రం నన్ను మా వీధి చదువుగదికి తీసుకెళ్ళేవాడు. అక్కడ దేవుణ్ణీ, కులాన్నీ, ముహూర్తాన్నీ, దిష్టినీ చాపమీద పరిచి దుమ్ము దులిపేవాళ్ళు. ఆ దుమ్ము పీల్చి పెరిగినందుకు, 'ఎందుకు?' అని అడగకుండా ఏ మాటనూ మింగలేని జబ్బు పట్టుకుంది. ఆ జబ్బే నన్ను ఫుట్‌బాల్ మైదానానికి లాక్కెళ్ళింది. అప్పటిదాకా ఆ ఆట గురించి నాకు తెలిసిందల్లా బంతి గుండ్రంగా ఉంటుందని.

మా అక్క బీడీలు చుడుతుంది. ఆమె కూతురు పొద్దున తల్లి పక్కన కూర్చుని ఆకు కత్తిరిస్తుంది, మధ్యాహ్నం గోల్‌కీపరవుతుంది. కొంతం చౌక్‌కు కాస్త దూరంలో, ఒక గుడి గోడను ఆనుకుని వాళ్ళ మైదానం ఉంది. అక్కడ పొద్దున్న క్రికెట్ అబ్బాయిలది. సాయంత్రం కూడా క్రికెట్ అబ్బాయిలదే. నడుమ ఎవరికీ అక్కర్లేని మధ్యాహ్నాన్ని మాత్రం ఎంతో ఉదారంగా అమ్మాయిలకు వదిలేశారు.

పోయిన ఎండాకాలం ఆ పిల్ల రోజూ తలనొప్పితో ఇంటికొచ్చి, అన్నం ముట్టకుండా పడుకోవడం మొదలుపెట్టింది. ఆటంటే పిల్లకు ప్రాణం, మానుకోమంటే ఏడుపు. అక్క నన్ను పిలిచింది.

"నువ్వు ఊరందరితోని కొట్లాడ్తవ్ కద. జర ఆ సర్‌తోని గూడ కొట్లాడి రా పో."

ఇంత గౌరవంగా నన్ను ఎవరూ ఎక్కడికీ పంపలేదు. వెళ్ళాను.

సర్ అంటే కోచ్. మంచి మనిషి. రాత్రిపాళీలో సాంచాలు నడిపి, కాసేపు పడుకుని లేచి, పైసా తీసుకోకుండా ఈ అమ్మాయిలకు ఆట నేర్పుతాడు. ఆయన నియమం ఒక్కటే, ఆట అయిపోయేదాకా నీళ్ళు ముట్టకూడదు.

"నీళ్ళు తాగితె పిల్లలు సుస్తయితరక్కా. పొట్టల కుళకుళమంటుంటె ఏం ఉరుకుతరు?"

"ఎవరు చెప్పిన్రు అన్నా?"

"మా ఉస్తాద్."

"ఆయనకెవరు చెప్పిన్రు?"

"ఆయన ఉస్తాద్."

ఈ పరంపర మొదట్లో ఎక్కడో ఒక ఉస్తాద్ కడుపునిండా తిని, చెంబెడు నీళ్ళు ఎత్తిపోసుకుని, పరిగెత్తబోయి కూలబడి ఉంటాడు. ఆయన అజీర్తి తరతరాలుగా మనకు శాస్త్రమై కూర్చుంది.

"నేను కార్ఖాన్ల రాత్రంత నిలబడ్త. నడుమల నీళ్ళడుగుతనా? అలవాటు చేస్కోవాలె, బస్," అన్నాడు కోచ్.

కార్ఖానా మాట ఆయనే ఎత్తాడు, నేను ఊరుకుంటానా? సాంచాల షెడ్డులో ఎంత ఉక్కగా ఉన్నా పంఖా వేయరు, కిటికీలు తెరవరు. పైగా నేలంతా నీళ్ళు చల్లుతారు. మనుషుల కోసం కాదు.

"అన్నా, కార్ఖాన్ల నేల మీద నీళ్ళెందుకు సల్లుతరు?"

"గాలి ఎండితె పోగు తెగుతది గద."

"పోగు తెగుతదని ఎరుకైంది. మరి పిల్ల తెగదా?"

వెనక వరసలో నిలబడ్డ అమ్మాయిలు కిసుక్కుమన్నారు. ఒకతి గట్టిగా అరిచింది, "సర్, గోల్ ఝాలా! మీ మీద గోల్ పడ్డది!"

కోచ్ కూడా నవ్వేశాడు. మర్నాటికల్లా వేపచెట్టు కింద తడిగుడ్డ చుట్టిన రంజన్, అంటే పెద్ద నీళ్ళకుండ, వెలిసింది. పక్కన ఉప్పు, నిమ్మకాయలు, స్టీలు గ్లాసులు. ఇక నాకు పట్టపగ్గాలుంటాయా? అమ్మాయిలందరినీ నీడన కూర్చోబెట్టి ఉపన్యాసం దంచాను. దాహం వేసేదాకా ఆగొద్దు, అది ఆలస్యంగా కదిలే బస్సు. ఆటకు ముందే తాగండి. నడుమ నడుమ ఆగి, నీడకొచ్చి, కొద్దికొద్దిగా తాగండి. చెమటతో ఉప్పు కూడా పోతుంది గనుక ఉప్పు వేసిన నిమ్మనీళ్ళో మజ్జిగో తాగండి. తల తిరిగినా, వాంతి వచ్చేలా ఉన్నా, కాళ్ళు పట్టేసినా ఆట ఆపేయండి, అది పిరికితనం కాదు. ఒంటికి పోయే నీళ్ళ రంగు చూసుకోండి. ముదురు పసుపైతే మీరు తాగింది చాలలేదన్నమాట.

ఈ చివరి మాటకు వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వారు. సిగ్గనుకున్నాను.

తర్వాత కొన్నాళ్ళకు కోచ్ దారిలో కనిపించాడు. "అక్కా, నీ రంజన్ల పిట్టలే తాగుతున్నయ్. పోరిలు గ్లాసు పెదిమెలకు తాకిచ్చి, మిగిలింది మెడ మీద పోస్కుంటున్నరు. నేను తాగుండ్రి తాగుండ్రి అని సీటీ కొడుతున్న, ఎవ్వలింటరు!"

దాహం వేయడం లేదా అని మా పిల్లను అడిగాను. "దూప అయితలేదు చిన్నమ్మా," అంది.

"ఈ ఎండల దూప కాని మనిషి ఇంకా పుట్టలేదే."

"నేను పుట్టిన గద. ఇడిసిపెట్టు."

నేను వాదంలో గెలిచాను. రంజన్ నిండుగానే ఉంది. గెలుపు అంత పనికిమాలినదిగా నాకెప్పుడూ కనిపించలేదు. దీని సంగతేమిటో తేల్చుకుందామని ఒకరోజు ఆట జరుగుతుండగానే మైదానానికి వెళ్ళాను.

ఆ రోజు గాలి పొయ్యిలోంచి వస్తున్నట్టుంది. గోల్ దగ్గర నిలబడాల్సిన మా పిల్ల పక్కకు జరిగి, ఎవరో ఉన్నట్టు మాట్లాడుకుంటూ నవ్వుతోంది. చేతికొచ్చిన బంతిని తన గోల్‌లోకే విసిరింది. నాటకం చేస్తోందనుకుని తక్కినవాళ్ళు చప్పట్లు కొట్టారు. అంతలో మోకాళ్ళ మీద కూలబడి, పక్కకు ఒరిగిపోయింది. పరిగెత్తుకెళ్ళి ముట్టుకుంటే ఒళ్ళు పెనంలా కాలుతోంది. పిలిస్తే కళ్ళు తెరవడం లేదు.

చుట్టుపక్కల ఇళ్ళలోంచి జనం వచ్చారు. "కాయ్ ఝాలా? ఏమైంది?" అంటూ ఒకాయన నుదుటి మీద చెయ్యి వేసి చూసి, ఇంట్లోకి పరిగెత్తి చద్దర్ తెచ్చాడు. మామూలు దుప్పటి కాదు, మా ఊళ్ళో నేసే దళసరి చద్దర్, చలికాలంలో ఇద్దరు కప్పుకున్నా చెమట పట్టేది.

"జరమొచ్చింది, కప్పుండ్రి! చెమట పడితె దిగుతది!"

దేశానికంతా చద్దర్లు నేసే ఊరు మాది. జలుబుకీ చద్దరే, చలిజ్వరానికీ చద్దరే. చివరికి ఎండలో కాలిపోతున్న పిల్లకు కూడా మాకు తోచిన మందు చద్దరే! ఇంకొకామె దిష్టి తీయడానికి మిరపకాయలు తెస్తానంది. ఎండ అంతలా కనిపిస్తుంటే, కంటికి కనిపించని దిష్టి మీద ఆ తల్లికి అనుమానం.

"కప్పొద్దు! ఇది జరం కాదు, ఎండదెబ్బ!" అని ఆ చద్దర్ లాగేసి అమ్మాయిల చేతికిచ్చాను. నాలుగు కొసలూ పట్టుకుని ఆమె మీద పందిరిలా నిలబడ్డారు. కోచ్ రంజన్ ఎత్తి తెచ్చాడు. తల మీద, మెడ మీద, చంకల్లో, ఒళ్ళంతా నీళ్ళు పోశాం. తువ్వాళ్ళు తడిపి పరిచాం, అట్టముక్కలతో విసిరాం. ఎవరో గ్లాసు పట్టుకుని ఆమె నోరు తెరవబోయారు.

"తెలివి లేనోళ్ళ నోట్ల నీళ్ళు పొయ్యొద్దు, ఊపిరిలకు పోతయ్!" అని చెయ్యి పట్టుకున్నాను. ఆటో వచ్చింది. దవాఖానా దాకా కోచ్ సీసాతో ఆమెను తడుపుతూనే ఉన్నాడు. ఆయన పెదవులు కదులుతున్నాయి. ఏ దేవుణ్ణి మొక్కుతున్నాడో నేను అడగలేదు. చేతులు సరైన పని చేస్తున్నప్పుడు పెదవులతో నాకు తగాదా లేదు.

సాయంత్రానికి పిల్ల కళ్ళు తెరిచి, మమ్మల్ని గుర్తుపట్టింది. మర్నాడు కాస్త కోలుకున్నాక డాక్టరమ్మ మందలించింది. "పక్కనే నీళ్ళు పెట్టుకొని తాగకపోవుడేందమ్మా? సచ్చిపోదువు!"

పిల్ల సెలైన్ సీసా వంక మొహం తిప్పుకుంది. మెల్లగా అంది, "తాగితె సండాస్‌కు ఎక్కడ పోవాలె మేడమ్? పోరగాళ్ళకు గోడున్నది. మాకేమున్నది?"

సండాస్ అంటే మా ఊళ్ళో మరుగుదొడ్డి. మైదానంలో అది లేదు. ఆట ఉన్న రోజు ఆ అమ్మాయిలు పొద్దున్నుంచే నీళ్ళు మానేస్తున్నారు. ఉపన్యాసం రోజు వాళ్ళు ఎందుకు నవ్వుకున్నారో అప్పుడు అర్థమైంది. ఒంటికి పోయే నీళ్ళ రంగు చూసుకోమన్నాను గానీ, ఆ పని ఎక్కడ చెయ్యాలో చెప్పానా?

అక్క గది బయటికొచ్చి, కొంగుతో మొహం తుడుచుకుని తీర్పు చెప్పేసింది. "ఇగ ఆట బంద్. నా పిల్ల నాకు ఉంటె సాలు."

లోపల పిల్ల గోడవైపు తిరిగి పడుకుంది. నేను నోరు తెరవగానే అక్క చెయ్యి అడ్డం పెట్టింది. "నాతోని వాదం పెట్టుకోకు. సండాస్ చూపెట్టు, పంపుత."

సండాస్ ఉంది. మైదానం గోడకు అవతలే, గుడి ఆవరణలో. భక్తుల కోసం తెల్ల టైల్స్ వేసి కట్టించారు. పండగలప్పుడు తెరిచి, తక్కిన రోజుల్లో తాళం వేసి ఉంచుతారు. తాళంచెవి గుడి కమిటీ పెద్దాయన దగ్గర ఉంటుంది. ఆయన ఇల్లు మా వీధి చివరే. మా ఇద్దరికీ పాత పరిచయమే, అంటే ఆయన నన్ను చూస్తే వీధి దాటేస్తాడు.

"ఎవరు, నువ్వా? దేవుడు లేడని మా గుడి ముంగటనే భాషణ్ కొట్టినదానివి గాదు?"

"అవును కాకా, నేనే."

"మరి ఇప్పుడేం గావాలె?"

"గుడి సండాస్ తాళంచెవి."

పెద్దాయన పొలమారి దగ్గేదాకా నవ్వాడు. "అంటె దేవుడు లేడు గని, దేవుని సండాస్ ఉన్నదన్నట్టు?"

"కండ్లకు కనపడ్తున్నది గద కాకా. కనపడేదాన్ని నేనెన్నడన్న కాదన్ననా?"

పిల్ల సంగతి చెప్పాను. నవ్వు ఆపి విన్నాడు. విని, గడ్డం గోక్కుని, గొంతు తగ్గించాడు. "అది గాదు బిడ్డా... ఆడపిల్లలు... ఆ దినాలల్ల గూడ వస్తరు. గుడి జాగ. మైల అయితది."

"సండాస్‌ల మైలేంది కాకా? మైల కోసమే గద దాన్ని కట్టింది!"

అంతలో లోపలినుంచి ఆయన భార్య గొంతు వినిపించింది. ఆమె ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. తల ఎత్తకుండానే అంది, "ఇయ్యుండ్రి. బస్‌ల ఊరికి పోయే దినం నేను పొద్దుగాల్నించి నీళ్ళు ముట్ట. ఎందుకో మీరెన్నడన్న అడిగిన్రా?"

పెద్దాయన లేచి, దేవుడి పటం పక్కన మేకుకు వేలాడుతున్న తాళంచెవి తీసి నా చేతిలో పెట్టాడు. "కడిగి పెట్టాలె."

"కడుగుతం."

"భాషణ్ గుడి ముంగట వద్దు."

"అది మళ్ళ మాట్లాడుదం కాకా."

డాక్టరమ్మ చెప్పిన విశ్రాంతి పూర్తయ్యేదాకా పిల్లను కదలనివ్వలేదు. ఈలోగా కోచ్ క్రికెట్ అబ్బాయిలతో తగాదాపడి, పొద్దున్నే సగం మైదానం అమ్మాయిలకు సంపాదించాడు. పాళీ దిగి తిన్నగా ఆటకే వస్తున్నాడు. పిల్ల మెల్లగా, మొదట నడక, తర్వాత కాస్త పరుగు, మళ్ళీ మొదలుపెట్టింది. నా మాట మీద నమ్మకంలేక అక్క చాట, ఆకు, తంబాకు పట్టుకొచ్చి వేపచెట్టు కింద కూర్చుంది. వెంట ఇంకొందరు తల్లులు. ముందు అక్కే వెళ్ళి గుడి సండాస్ తలుపు తీసి, గడియ సరిగ్గా పడుతోందో లేదో చూసి వచ్చింది. అప్పుడుగానీ పిల్లను గోల్ దగ్గరికి వదల్లేదు.

కోచ్ సీటీ ఊదగానే అమ్మాయిలు రంజన్ మీద పడ్డారు. గ్లాసు మీద గ్లాసు. నా ఉపన్యాసం ఒక్కరికీ గుర్తున్నట్టు లేదు, అవసరం కూడా రాలేదు. అక్క మాత్రం బీడీకి దారం చుడుతూనే అరుస్తోంది, "ఏయ్ గోల్‌కీపర్! ఇంకో గుక్క తాగే! ఉప్పేసుకున్నవా?"

ఇక మీ సంగతి. మీ ఊళ్ళోనూ ఒక మైదానం ఉంటుంది. రేపే వెళ్ళండి. ఎండ ముదిరాక ఆడిస్తుంటే ఆపించండి. నీళ్ళు లేకపోతే పెట్టించండి. పెట్టించి, ఫోటో దిగి, ఇంటికి వచ్చేయకండి. ఆ నీళ్ళు తాగిన ఆడపిల్ల తర్వాత ఎక్కడికి వెళ్తుందో ఆ పిల్లనే అడగండి. ఎక్కడికీ లేదంటే, దగ్గర్లో తాళం వేసిన తలుపు ఏ గుడిదైనా, మసీదుదైనా, బడిదైనా, ఆఫీసుదైనా, దాని తాళంచెవి ఎవరి మేకుకు వేలాడుతోందో కనుక్కుని ఆ గడప ఎక్కండి. తెరిపించేదాకా దిగకండి.