బోర్లించని గిన్నెలు

పొద్దున్నే ఒడ్డుకు చేరాల్సిన తమ్ముడి పడవ ఇంకా చేరలేదు. సముద్రం మీద గాలి లేచిందని ఊరి నుంచి కబురు. వాడి ఫోను కలవడం లేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో మా వంటింట్లో అమ్మ గిన్నెలకు కాపలా కూర్చుంది.

మగవాళ్ళు చేపల వేటకు పోతే, తిరిగొచ్చేదాకా ఇంట్లో గిన్నె బోర్లించకూడదని మా వాళ్ళ పట్టింపు. వెనకటికొకావిడ మొగుణ్ణి వేటకు పంపి, కూరకుండ కడిగి బోర్లించిందట. గంగమ్మ తల్లి చూసి, "ఇంటిదే బోర్లించీసింది, నాకేటి మొగమాటం" అని పడవను తిరగేసిందట. చిన్నప్పుడు ఈ కథ విని నేను భయపడలేదు. అంట్లు తోమే పని తప్పుతుందేమోనని ఆశపడ్డాను.

ఆ రోజు అంట్లు తోమడానికొచ్చిన పనామె అలవాటుగా గిన్నె బోర్లించబోయింది.

"వద్దమ్మా, మా చిన్నోడింకా రానేదు," అంది అమ్మ.

"కొడుకు రాకుంటే గిన్నెలేం జేసినయమ్మా? గిట్ల పెడితే బొద్దింకలు జొర్రవా?"

"దూరితే దూరనీ. రేపు మళ్ళీ తోముదువు గానీ."

ఆమె అమ్మ మొహం చూసింది. ఒక్కో గిన్నే గుడ్డతో తుడిచి, వెల్లకిలా పేర్చింది.

నేను ఎల్బీనగర్‌లో పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. వస్తువులెందుకు తేలుతాయో తేల్చి చెప్పడమే నా బతుకుతెరువు. ఆ రోజు పాఠం నాకే తేల్లేదు. మధ్యలో బయటికొచ్చి చాయ్ బండి దగ్గర నిలబడ్డాను. ట్రేలో గ్లాసులన్నీ బోర్లించి ఉన్నాయి. చెయ్యి ఊరుకోలేదు.

"ఏంది సార్, చాయ్ గావాలంటే అడుగున్రి. గ్లాసులెందుకు తిప్పుతున్రు?"

"చాయే," అన్నాను, మూడోది తిప్పుతూ.

ఇంటికి పోదామని బండెక్కి హెల్మెట్ పెట్టుకుంటే కొత్త అనుమానం: ఇది మాత్రం బోర్లించిన గిన్నె కాదూ? బండి అక్కడే వదిలేసి మెట్రో ఎక్కాను. ఒళ్ళో హెల్మెట్‌ను వెల్లకిలా పట్టుకుని కూర్చుంటే, ఎదుటాయన అందులో ఏముందోనని తొంగిచూశాడు.

ఇంటి మెట్లెక్కుతుండగా ఫోను మోగింది. తమ్ముడు. స్పీకర్ పెట్టి వంటింట్లోకి పరుగెత్తాను.

"ఇంజిన్ ఆగిపోనాదన్నా. పక్కూరోల బోటు కట్టి లాక్కొచ్చినారు. అమ్మ అన్నం తిన్నాదా?"

అమ్మ లేచి గిన్నెలన్నీ గబగబా బోర్లించింది. గట్టంతా మోగింది.

"మళ్ళీ ఎప్పుడెళ్తావేటి?" అని అడిగింది చివరికి.

"ఇంజిన్ బాగైతే రేపు తెల్లారగట్టే."

నా చెయ్యి అప్పుడే కూరగిన్నె మీదికి పోయింది. అమ్మ పట్టుకుని ఆపింది.

"ఉండరా. ఈ పూటకైనా ఆరనీ."