ముల్లుగారి కారు విచారణ

తూనికలు కొలతల శాఖలో ముప్పై ఆరేళ్లు పనిచేసి రిటైరైన ఆ పెద్దమనిషిని వీధిలో అందరూ ముల్లుగారు అంటారు. త్రాసు ముల్లు చెబితే తప్ప ఆయన దేన్నీ నమ్మరు. భార్యకు ఒళ్లు వెచ్చబడితే నుదురు తాకి చూడరు, థర్మామీటరు తెస్తారు. వాన పడుతోందంటే కిటికీలోంచి చెయ్యి చాపరు. మేడ మీది గాజు గొట్టంలో ఎన్ని మిల్లీమీటర్లు నిలిచిందో చూసొచ్చి, "అవును, పడుతోంది" అని ధ్రువీకరిస్తారు.

అంతటి మనిషి ఇంట్లో నలభై ఏళ్ల పాత కారొకటి రెండు నెలలుగా ఏ కొలతకూ లొంగకుండా తిరుగుతోంది, లేదా తిరగకుండా ఉంటోంది. పొద్దున బుద్ధిగానే బయలుదేరుతుంది. అరగంట నడిచాక, అదీ వంతెన ఎక్కుతున్నప్పుడు, దగ్గి, తుమ్మి, ఆగిపోతుంది. పది నిమిషాలు విశ్రాంతి తీసుకుని ఏమీ ఎరగనట్టు మళ్లీ స్టార్టవుతుంది.

వీధి చివర బావమరిదికి కార్ల షెడ్డు ఉంది. అతని వైద్యమంతా చెవితోనే. ఇంజను చప్పుడు కాసేపు విని, "కార్బురేటరే" అంటాడు. పెట్రోలును గాలితో కలిపి ఇంజనుకు అందించే ఆ భాగాన్ని అలా మూడుసార్లు విప్పి కడిగాడు. నాలుగోసారి, "దీనికి ఆయుష్షు తీరింది బావా. నాకిచ్చెయ్. విప్పుకుని సామాను వాడుకుంటా" అన్నాడు.

మొన్న వంతెన మధ్యలో కొత్త చీర కట్టుకున్న భార్య కిందికి దిగి కారు తోయాల్సి వచ్చింది. దాంతో తీర్పు వెలువడింది.

"రేపు సాయంత్రం మా తమ్ముడు తాడు పట్టుకొస్తాడు. కారు లాక్కుపోతాడు. ఇక నావల్ల కాదండీ."

"విచారణ లేకుండానే శిక్షా?"

"సాయంత్రం దాకా టైముందిగా. విచారించుకోండి."

ముల్లుగారు జీవితంలో కొన్న కారు అదొక్కటే. ఆసుపత్రి నుంచి పసిగుడ్డుగా కూతుర్ని ఇంటికి తెచ్చింది అందులోనే. మీటరు రెండుసార్లు తిరిగి సున్నాకొచ్చినా, అది నడిచిన మొత్తం దూరం ఆయనకు నోటికొచ్చు. చప్పుడు విని దాన్ని దోషిగా తేల్చడం ఆయనకు మింగుడు పడలేదు. వెంటనే వెళ్లి పెట్రోలు ఒత్తిడి చూపించే గేజి ఒకటి కొనుక్కొచ్చారు. అరచేతిలో పట్టే గుండ్రటి ముఖం, సున్నా నుంచి పదిహేను దాకా అంకెలు, మధ్యలో నల్లటి ముల్లు. ఆ రాత్రి ఆయనకు హాయిగా నిద్రపట్టింది.

మర్నాడు పొద్దున్నే, ఇంజను చల్లగా ఉండగానే, బ్యాటరీ తీగ ఊడదీసి, కింద గుడ్డ పరిచి, పెట్రోలు పంపుకీ కార్బురేటరుకీ మధ్యనున్న రబ్బరు గొట్టాన్ని కోశారు. అక్కడ మూడు నోళ్ల ఇత్తడి జాయింటు పెట్టి క్లిప్పులు బిగించారు. మూడో నోటికి పొడుగాటి గొట్టం, దాని కొసన గేజి. పెట్రోలు గొట్టం మనుషులు కూర్చునే చోటికి రాకూడదు గనక గేజిని ముందు అద్దానికి బయటే, ముఖం లోపలికి ఉండేలా టేపుతో అంటించారు. తీగ తగిలించి ఇంజను స్టార్ట్ చేశారు. ఎక్కడా చుక్క కారలేదు. ముల్లు నాలుగు మీద నిలబడింది. అదే ఉండాల్సిన చోటు.

సాక్షి లేని కొలత చెల్లదు కాబట్టి భార్యను పక్కన కూర్చోబెట్టి నోటుబుక్కిచ్చారు.

"నాలుగు. మళ్లీ నాలుగు. ఏవండీ, నాలుగే ఉంటే ప్రతిసారీ రాయాలా?"

"రాయాలి."

"ఇంత శ్రద్ధగా నేను బడిలో కూడా రాయలేదు."

అరగంట గడిచింది. వంతెన వచ్చింది.

"మూడున్నర. మూడు. అయ్యో, రెండండీ! ఒకటి!"

"చూశావా! చూశావా!" అని ముల్లుగారు సీట్లో ఎగిరినంత పనిచేశారు. తన కారు నడివంతెన మీద చచ్చిపోతుంటే అంత సంబరపడిన యజమాని మరొకడు ఉండడు.

వెనక లారీ డ్రైవరు తల బయటపెట్టి, "పెద్దాయనా, కాపురం ఇక్కడే పెడతావా?" అని అరిచాడు.

"విచారణ జరుగుతోంది, ఆగు!" అని ముల్లుగారు దిగారు. ఇంజనుకు పెట్రోలు అందడం లేదన్న సంగతి తేలింది. ఎక్కడ ఆగుతోంది? ట్యాంకు నుంచే మొదలుపెడదామని మూత తిప్పారు. ట్యాంకు బుస్సుమని ఒక్క పెట్టున గాలి పీల్చుకుంది.

"తాళం తిప్పు!"

భార్య తిప్పింది. రెండు మూడు తిప్పులకు ఇంజను అందుకుంది. "ఏవండీ, నాలుగు!"

ముల్లుగారు చేతిలోని మూత వైపే చూస్తున్నారు. ఖాళీ అయిన మేర ట్యాంకులోకి గాలి వెళ్లకపోతే పెట్రోలు బయటికి రాదు. ఆ గాలి కోసమే మూతకు సూదిమొనంత రంధ్రం ఉంటుంది. దాని మీద సైకిలు ట్యూబులోంచి గుండ్రంగా, ఎంతో ముచ్చటగా కోసిన రబ్బరు ముక్క అతికించి ఉంది. పెట్రోలు ఆవిరై కొలతకు అందకుండా పోతోందని కుమిలిపోయి, రెండు నెలల కిందట స్వహస్తాలతో దాన్ని అతికించిన మహానుభావుడు మరెవరో కాదు, ముల్లుగారే.

"ఏంటండీ అది?" అంది భార్య.

"సాక్ష్యం" అన్నారు ముల్లుగారు నీరసంగా, దాన్ని పీకేస్తూ.

సాయంత్రం బావమరిది తాడు భుజానేసుకుని వచ్చాడు. "బావా, కడసారి చూపులు అయ్యాయా?"

"ముందు ఎక్కరా" అన్నారు ముల్లుగారు.

గంటసేపు తిప్పారు. వంతెన రెండుసార్లు ఎక్కి దిగారు. ముల్లు కదల్లేదు. బావమరిది వెనక సీట్లోంచి ముందుకు వంగాడు.

"ఏం చేశావు బావా? నిజం చెప్పు."

రంధ్రం మూసుకుపోయిందని చెబితే సరిపోయేది. అందులో అబద్ధమూ లేదు. భార్య బయట ఎప్పుడూ చూడనట్టు దీపస్తంభాలను మహా ఆసక్తిగా చూస్తోంది. కానీ ముప్పై ఆరేళ్లలో, "ఎలా జరిగిందో తెలీదండీ" అన్న దుకాణదారుణ్ణి ముల్లుగారు ఒక్కణ్ణీ వదల్లేదు.

"మూతకున్న రంధ్రం మూసింది నేనే" అన్నారు. "తప్పు నాది."

బావమరిది నవ్వడం మొదలుపెట్టాడు. కళ్లనీళ్లు తుడుచుకున్నాడు, మళ్లీ నవ్వాడు.

"కారు నువ్వే ఉంచుకో బావా. అక్కా, దీన్ని నేను తీసుకుపోను. ఆ చివరి మాట మాత్రం ఇంకోసారి చెప్పించు."

"అవునండీ" అంది భార్య, ఆయన పక్క సీట్లోనే కూర్చుని. "నాకూ సరిగ్గా వినిపించలేదు."

ముల్లుగారు గొంతు సవరించుకుని రెండోసారి ఒప్పుకున్నారు. వంతెన దిగేలోపు మూడోసారి కూడా.